హాండెల్ ‘మెస్సయ్య’: ‘బోర్న్’ దగ్గర బృందం వెనకబడితే

పాశ్చాత్య సంగీతకర్త హాండెల్ రాసిన ‘మెస్సయ్య’లో ‘ఫర్ అంటు అస్ ఎ చైల్డ్ ఈజ్ బోర్న్’ (బైబిల్, యెషయా 9:6) అనే కోరస్ (బృందగానం) ఉంది. అందులో సోప్రానోలు (పైస్థాయి స్త్రీ గొంతులు) ‘బోర్న్’ అనే ఒక్క మాట మీద మూడు బార్లు (తాళపు ఆవర్తనాలు) దాటి పదహారో వంతు స్వరాలు (ఒక్కో బీట్‌కు నాలుగు) పరిగెత్తించాలి. వందమంది పాడితే అక్కడ టెంపో (పాట వేగం) జారిపోతుంది. గుంపంతా ఒకేచోట ఊపిరి తీసుకోవడం ఒక కారణం. రెండోది, ప్రతి స్వరానికీ ‘హ’ తగిలించడం. దాంతో గాలి మధ్యలోనే అయిపోతుంది.

మాకు పనికొచ్చిన పద్ధతి ఇది. మెట్రోనోమ్ (బీట్ కొట్టే పరికరం) నిమిషానికి 60 బీట్ల మీద పెట్టి ‘డ డ డ డ’ అని నాలుగేసి స్వరాలు పాడించాం. ప్రతి నాలుగింటిలో మొదటిదానికే చిన్న ఊనిక. అది కుదిరాక ‘డ’ తీసేసి ‘ఓ’ మీద పాడాలి. ‘ర్’ నాలుక మడవకూడదు, మన నోళ్ళకు అదే కష్టం. ‘న్’ చివరి స్వరం మీదే మూయాలి. తర్వాత నాలుగేసి అంకెలు పెంచుతూ 76 దాకా. ఏ దశలోనూ గట్టిగా పాడనివ్వొద్దు, బరువెక్కితే వేగం పోతుంది.

ఊపిరి విషయంలో పక్కపక్కవాళ్ళు వేర్వేరు స్వరాల దగ్గర తీసుకునేలా స్కోరులో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోవాలి. బీట్ మొదటి స్వరం మాత్రం వదలకూడదు.

వెనక వరుసకు ముందువాళ్ళ పాట ఆలస్యంగా చేరుతుంది: పది మీటర్లకు దాదాపు 0.03 సెకన్లు. 76 మీద ఒక్కో స్వరం 0.2 సెకన్లే కాబట్టి అది తక్కువేం కాదు. చెవిని నమ్మకుండా కండక్టర్ చేతినే చూడాలి.