జైల్లో పరిశోధనకు దరఖాస్తు: ఫైలు ఆగిపోయేది సమ్మతి పత్రం దగ్గరే

చంచల్‌గూడలోనో చర్లపల్లిలోనో, రాజమండ్రి, విశాఖ సెంట్రల్ జైళ్లలోనో ఖైదీలతో మాట్లాడి థీసిస్ రాయాలనుకునే విద్యార్థికి రెండు అనుమతులు కావాలి. ఒకటి యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీది (పరిశోధనలో పాల్గొనేవారికి హాని జరగకుండా చూసే కమిటీ), ఇంకొకటి జైళ్ల శాఖది. ఒకటి చేతిలో ఉంది కదా అని రెండోది అక్కర్లేదనుకోవద్దు.

అసలు లోపలికి వెళ్లాల్సిన అవసరం ఉందా అన్నది ముందు తేల్చుకోండి. కోర్టుల వెబ్‌సైట్ ఈ-కోర్ట్స్‌లో తీర్పులు దొరుకుతాయి, జాతీయ నేర గణాంకాల సంస్థ (ఎన్‌సీఆర్‌బీ) ఏటా జైళ్ల గణాంకాలు ఇస్తుంది. మీ ప్రశ్నకు జవాబు వాటిలోనే ఉంటే ఖైదీని కదిలించకండి. అలాంటి అధ్యయనానికి సాధారణంగా కమిటీ పరిశీలన నుంచి మినహాయింపు దొరుకుతుంది. అయితే మినహాయింపు ఉందో లేదో చెప్పాల్సింది కమిటీ, మీరూ మీ గైడూ కాదు. అందుకని దరఖాస్తు మాత్రం పెట్టాలి.

సినాప్సిస్, ప్రశ్నావళి, గైడ్ సంతకం, విభాగాధిపతి లేఖ, తెలుగులోనూ ఇంగ్లిషులోనూ సమాచార పత్రం, సమ్మతి పత్రం. ఫైల్లో ఉండాల్సినవి ఇవే. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు ఖైదీలను బలహీన స్థితిలో ఉన్నవారిగా లెక్కిస్తాయి. కాబట్టి ఒకరిద్దరు సభ్యులు చూసి పంపించే త్వరిత పరిశీలన కుదరదు, మొత్తం కమిటీ కూర్చోవాలి. ఆ మార్గదర్శకాల ప్రకారం కమిటీలో 7 నుంచి 15 మంది ఉంటారు, కనీసం 5 మంది హాజరైతేనే సమావేశం చెల్లుతుంది. సభ్య కార్యదర్శి ఆఫీసులో వచ్చే సమావేశం తేదీ, ఫైళ్లు తీసుకునే ఆఖరి తేదీ అడిగి తెలుసుకున్నాకే మీ ఫీల్డ్‌వర్క్ తేదీలు రాసుకోండి.

ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది. జైలు అనుమతి తెమ్మని కమిటీ అంటుంది, ఎథిక్స్ సర్టిఫికెట్ తెమ్మని జైళ్ల శాఖ అంటుంది. రెండు ఆఫీసుల మధ్య తిరిగి తిరిగి విసిగిపోయినవాళ్లే దళారుల చేతిలో పడతారు. దీనికి విరుగుడు కవరింగ్ లెటర్‌లో ఒక్క వాక్యం: "జైళ్ల శాఖ అనుమతికి లోబడి ఆమోదం ఇవ్వగలరు." అలా షరతుతో ఇచ్చే ఆమోదం మామూలే. ఆ కాగితంతో జైళ్ల శాఖకు వెళ్లండి, అక్కడి అనుమతి రాగానే దాని ప్రతిని కమిటీకి ఇవ్వండి. కాలేజీలో కమిటీ లేకపోతే ఒప్పందం మీద మరో సంస్థ కమిటీకి వెళ్లవచ్చు. ఆ మాట మాట్లాడాల్సింది మీ సంస్థ. రెండు రోజుల్లో సర్టిఫికెట్ ఇప్పిస్తానని ఫోన్‌లో డబ్బు అడిగేవాడు కాదు. ఫీజు ఉంటే రసీదు ఉంటుంది. ఇంటర్వ్యూలు ముందే చేసేసి పాత తేదీతో ఆమోదం తెచ్చుకుందామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. జరిగిపోయిన పనికి కమిటీ ఆమోదం ఇవ్వదు, ఆ డేటా థీసిస్‌కు పనికిరాదు.

ఇక సమ్మతి పత్రం. ఆస్పత్రి పరిశోధన కోసం రాసిన నమూనాను తెచ్చి, "రోగి" అన్న చోటల్లా "ఖైదీ" అని మార్చి పెడతారు. ఎక్కువ ఫైళ్లు తిరిగొచ్చేది దీనివల్లే, అలా తిరగ్గొట్టడం సరైనదే. ఆ నమూనాలో ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది: "మీరు చెప్పేదంతా పూర్తి గోప్యంగా ఉంచుతాం." జైల్లో ఆ మాట ఇచ్చే అధికారం మీకు లేదు.

వకీలుకు తన కక్షిదారు చెప్పిన మాటల విషయంలో చట్టం రక్షణ ఇస్తుంది, పరిశోధకుడికి ఇవ్వదు. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 94వ సెక్షన్ కింద కోర్టు గానీ స్టేషన్ అధికారి గానీ మీ నోట్సు, ఫోను, రికార్డింగు తెచ్చివ్వమనవచ్చు. అదే చట్టం 33వ సెక్షన్ ప్రకారం హత్య, దోపిడీ లాంటి కొన్ని నేరాల గురించి తెలిసినవారు సమాచారం ఇవ్వాలి. పిల్లలపై లైంగిక నేరం గురించి తెలిస్తే పోక్సో 19వ సెక్షన్ కింద చెప్పి తీరాలి, చెప్పకపోతే శిక్ష కూడా ఉంది. అమెరికాలో బోస్టన్ కాలేజీ ఉత్తర ఐర్లాండ్ మాజీ సాయుధులతో చేయించిన ఇంటర్వ్యూలనే చూడండి. బతికున్నంత కాలం బయటికి రావని వాళ్లకు మాట ఇచ్చారు. చట్టం అనుమతించిన మేరకే అన్న షరతు వాళ్లు సంతకం పెట్టిన కాగితంలో లేదు. 2011లో సమన్లు వచ్చాయి, కొన్ని టేపులు పోలీసులకు చేరాయి.

మన దగ్గర ప్రమాదం ఇంకా దగ్గర్లో ఉంది. ఎన్‌సీఆర్‌బీ 2022 లెక్కల ప్రకారం దేశంలోని ఖైదీల్లో 75.8 శాతం మంది విచారణ ఖైదీలు. అంటే మీ ఎదుట కూర్చునే మనిషి కేసు చాలావరకు ఇంకా నడుస్తూనే ఉంటుంది. పోలీసు అధికారితో ఒప్పుకున్న నేరాన్ని కోర్టులో అతని మీద రుజువు చేయడానికి వీల్లేదు. బయటి మనిషితో ఒప్పుకున్నది మాత్రం సాక్ష్యంగా రావచ్చు. ఆ బయటి మనిషి మీరే. "ఆ రోజు ఏం జరిగింది?" అన్న ప్రశ్న మీ ప్రశ్నావళిలో ఉంటే ఇప్పుడే కొట్టేయండి. నేరం గురించి తప్పనిసరిగా అడగాలంటే శిక్ష ఖరారై, అప్పీలు కూడా ముగిసినవారినే ఎంచుకోండి.

పత్రంలో ఈ మాటలు ఇలా తేలిక తెలుగులో ఉండాలి:

"మీ కేసులో ఏం జరిగిందో నాకు చెప్పవద్దు. చెప్పినది కోర్టు అడిగితే నేను ఇవ్వాల్సి రావచ్చు. పిల్లలకు హాని జరిగిందని తెలిసినా, ఎవరి ప్రాణానికైనా ముప్పు ఉందని తెలిసినా నేను దాచలేను. మిగతా మాటలు మీ పేరు లేకుండా రాస్తాను. నాతో మాట్లాడినందువల్ల బెయిలు, పెరోలు, శిక్ష తగ్గింపు రావు. మాట్లాడనన్నా మీ ములాఖత్‌కు గానీ, పనికి గానీ, సదుపాయాలకు గానీ ఏ ఇబ్బందీ రాదు. మధ్యలో లేచి వెళ్లిపోవచ్చు, కారణం చెప్పక్కర్లేదు."

చివరి మూడు వాక్యాలు నిజం కావాలంటే కాగితం ఒక్కటే చాలదు. సూపరింటెండెంట్ అనుమతి ఖైదీ సమ్మతి కాదు. "మంచి నడవడిక ఉన్నవాళ్లను ముప్పై మందిని పంపండి" అని జైలు సిబ్బందిని అడిగితే వచ్చేవాళ్లు రాలేమని చెప్పలేనివాళ్లు. బ్యారక్‌లో మీరే విషయం చెప్పి, కనీసం ఒక రోజు ఆలోచించుకోనిచ్చి, ఆ తర్వాత పేర్లు తీసుకుంటామని దరఖాస్తులో రాయండి. వార్డర్ కనిపించే దూరంలో ఉండాలి, మాటలు వినిపించే దూరంలో కాదు. ఇదీ రాయండి.

చదువు రానివారికి పత్రం చదివి వినిపించి వేలిముద్ర తీసుకుంటారు. అప్పుడు చదువుకున్న సాక్షి ఒకరు ఉండాలి, ఆ సాక్షి మీ బృందంలోని మనిషో జైలు ఉద్యోగో కాకూడదు. కొన్ని అధ్యయనాల్లో ఆ సంతకమే ముప్పు, ఎందుకంటే పేరున్న కాగితం అదొక్కటే. అప్పుడు కారణం వివరించి, నోటిమాట సమ్మతికి ఆమోదం అడగండి. మార్గదర్శకాలు అందుకు వీలిస్తున్నాయి. అడగడానికి భయపడనక్కర్లేదు.

జైళ్ల శాఖకు పెట్టే దరఖాస్తు మీ విభాగాధిపతి ద్వారా ఆ శాఖ డైరెక్టర్ జనరల్ కార్యాలయానికి వెళ్లాలి, నేరుగా సూపరింటెండెంట్ దగ్గరికి కాదు. తిహార్‌లో చిత్రీకరించిన డాక్యుమెంటరీ వివాదం తర్వాత 2015లో కేంద్ర హోంశాఖ రాష్ట్రాలకు సూచనలు పంపింది. అప్పటి నుంచి లోపలికి వెళ్లే పరికరాల మీద, బయటికొచ్చే రాతల మీద పట్టు పెరిగింది. ఆ సూచనల్లో రికార్డర్‌ను మూడు రోజులు సూపరింటెండెంట్ దగ్గర ఉంచడం, ప్రచురణకు ముందు నిరభ్యంతర పత్రం తీసుకోవడం ఉన్నాయి. ఇది మీ సమ్మతి పత్రాన్ని నేరుగా తాకుతుంది. రికార్డు చేసింది అధికారులు వినే వీలుంటే ఆ మాట ఖైదీకి ముందే చెప్పాలి. చేతిరాత నోట్సుతో పని జరిగేటట్టుంటే రికార్డర్ అడగకపోవడమే మంచిది. నోట్సులో కోడ్ నంబర్లే ఉండాలి, పేర్ల జాబితా క్యాంపస్‌లో తాళం వేసిన బీరువాలో ఉండాలి.

మధ్యలో ప్రశ్నలు మార్చినా, ఇంకో జైలు చేర్చినా సవరణ ఆమోదం తీసుకోండి. పీహెచ్‌డీ థీసిస్ చివరకు థీసిస్‌లను ఆన్‌లైన్‌లో ఉంచే శోధ్‌గంగలోకి వెళ్తుంది, ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. పేరు తీసేసి ఊరు, నేరం, శిక్ష పడ్డ సంవత్సరం ఉంచితే ఆ ఊరివాళ్లకు మనిషి తెలిసిపోతాడు. ఆ మూడింటిలో కనీసం రెండు తీసేశాకే అప్‌లోడ్‌కు ఇవ్వండి.