ఈశాన్యం మూలలో ఏమి నాటాలి?

తిరుపతిలో మా ఇల్లు కట్టిన మేస్త్రీ వాస్తు ప్రకారం స్థలం వాలు ఈశాన్యానికి ఇచ్చాడు. దాంతో వాననీళ్లు, బట్టలు ఉతికిన నీళ్లు, బోరు గొట్టం కారిన నీళ్లు అన్నీ ఆ మూలకే చేరతాయి. తూర్పున పక్కవారి మూడంతస్తుల మేడ, దక్షిణాన మా ఇల్లు. మధ్యలో పది అడుగులకు ఎనిమిది అడుగుల జాగా. గోడకు పాచి, పొద్దు వాలితే దోమలు. పదవీ విరమణ చేశాక ఆ జాగాను పచ్చగా చెయ్యాలనుకుని మూడేళ్లపాటు వరుసగా మొక్కలను చంపాను. ఇక్కడ చెబుతున్నవన్నీ అలా నేర్చుకున్నవే.

మొక్కలు కొనేముందు ఎండ లెక్క చూసుకోవాలి. ముప్పై ఏళ్లు బడిలో సాంఘికశాస్త్రం చెప్పాను, గ్లోబు తిప్పి కర్కటరేఖ చూపించాను. అయినా డిసెంబరులో ఆ మూల చల్లగా ఉందని ఎనిమిది ఫెర్న్ మొక్కలు నేలలో నాటాను. మే రెండో వారానికి అన్నీ అప్పడాలయ్యాయి. తిరుపతి దాదాపు 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ చివరి వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి వచ్చి, తరువాత ఉత్తరానికి జరిగి, ఆగస్టు మధ్య దాకా అటే ఉంటాడు. డిసెంబరు మధ్యాహ్నం పది అడుగుల గోడ ఉత్తరం వైపు ఏడున్నర అడుగుల నీడ పరుస్తుంది. జూన్‌లో అదే గోడ నీడ దక్షిణానికి పడుతుంది, అదీ రెండడుగులు ఉండదు. అంటే మన ఊళ్లో ఉత్తరపు మూల ఏడాదంతా నీడ కాదు, ఎండ మండిపోయే నెలల్లోనే అక్కడ నీడ ఉండదు. ఇంటికి ఉత్తరాన జాగా ఉన్నవారు ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. పెద్ద చెట్టు కింది నీడ అయితే ఈ బెడద లేదు.

తరువాత నేల. అడుగు లోతు, అడుగు వెడల్పు గుంట తీసి, నీళ్లు నింపి ఇంకనివ్వండి. మళ్లీ నింపండి. ఆ రెండోసారి నీళ్లు రెండు మూడు గంటల్లో ఇంకితే అది తడి నేల. మరునాటి పొద్దునకూ మిగిలితే బురద నేల. ఈ రెండింటికీ ఒకే మొక్కలు సరిపడవు. మా గుంటలో నీళ్లు కదలలేదు. తవ్వి చూస్తే జానెడు కింద ఇటుక ముక్కలు, గట్టిపడిన సిమెంటు. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన చెత్తంతా అక్కడే పూడ్చారు. నాలుగు గమేళాలు ఎత్తిపోశాక సగం జాగా బాగుపడింది.

బాగుపడని సగానికి చేమను మించినది లేదు. నర్సరీకి వెళ్లనక్కరలేదు, కూరగాయల అంగట్లో మొలక వచ్చిన చేమదుంపలు ఏరుకొచ్చి మూడంగుళాల లోతున, అడుగున్నర ఎడంగా పెట్టండి. తడి ఉంటే కాస్త ఎండ తగిలినా ఓర్చుకుంటుంది. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు ఏరులైనప్పుడు మా మూలలో మూడు రోజులు నీళ్లు నిలిచాయి. మిగిలినవి చేమ, దాని పక్కన ఉన్న వస మాత్రమే. చేమ ఆకు గానీ దుంప గానీ పచ్చిగా నోట పెట్టకూడదు, గొంతు దురద. చింతపండు పులుసులో బాగా ఉడకాలి.

చేమ మొదళ్ల చుట్టూ నేల కప్పడానికి సరస్వతి ఆకు పెట్టాను. నాలుగు తీగలు నాటితే కణుపు కణుపుకూ వేరు దించుకుని ఒక వానాకాలంలో పాకిపోయింది. పచ్చడికీ పనికివస్తుంది, కానీ ఉతికిన సబ్బునీళ్లు అటు పారితే కోయకండి. నేను ఆ నీళ్లకు వేరే గొట్టం పెట్టించాను.

తమలపాకు విషయంలో రెండుసార్లు దెబ్బతిన్నాను. దానికి నీడ కావాలి, తేమ కావాలి, కానీ మొదలు దగ్గర నీళ్లు నిలిస్తే నాలుగు రోజుల్లో తీగ వడలి కుళ్లిపోతుంది. మూడోసారి గోడ పక్కన ముప్పావు అడుగు ఎత్తు మట్టి కట్ట వేసి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి, మూడు కణుపుల ముక్కను రెండు కణుపులు మట్టిలో ఉండేలా నాటాను. ఇప్పుడు వారానికోసారి ఆకులు కోస్తున్నాను. పుదీనా, పసుపు కూడా ఆ కట్ట మీదే.

మల్లె వద్దు. ఆకు వేస్తుంది, పువ్వు పూయదు. తులసి సన్నబడి సాగుతుంది. స్నేక్ ప్లాంట్‌కు నీడ ఫరవాలేదు గానీ తడికి అడుగున కుళ్లుతుంది. ‘ఎక్కడైనా బతుకుతుందమ్మా, కడియం నర్సరీ మొక్క’ అని తోపుడు బండి అబ్బాయి డిఫెన్‌బేకియా అనే మచ్చల ఆకుల మొక్కను అంటగట్టబోయాడు. బతుకుతుంది, నిజమే. కానీ దాని ఆకు నమిలితే నోరు మండి వాస్తుంది. మనవరాలికి ఏడాదిన్నర, కనిపించినదల్లా నోట్లోకే. తీసుకోలేదు.

నాటడానికి జూలై, ఆగస్టు నెలలు మంచివి. ఈశాన్య రుతుపవనాల పెద్ద వానలు వచ్చేలోగా వేరు పట్టుకుంటుంది. కుండీల కింద పళ్లేలు పెట్టకండి, వారం పది రోజులు నీళ్లు నిలిస్తే దోమలు తయారు. గోడకూ మొక్కలకూ మధ్య అడుగు ఖాళీ వదలండి. కొండ దగ్గరి ఇళ్లలో పాములు వస్తుంటాయి, దుబ్బుల్లో చెయ్యి పెట్టేముందు కర్రతో కదపడం మేలు.

ఫెర్న్ మీద ఆశ మాత్రం చావలేదు. ఇప్పుడు వాటిని కుండీల్లో, ఇటుకల మీద పెట్టాను. ఏప్రిల్ 20 దాటగానే వరండాలోకి, ఆగస్టు చివర మళ్లీ మూలలోకి. ఈశాన్యంలో బరువు ఉండకూడదని అత్తయ్య పట్టు. ఆరు కుండీలకు ఒప్పుకున్నారు, ఏడోది వచ్చిందేమోనని రోజూ లెక్కపెడుతుంటారు.