బెంగళూరు ఇంట్లో మాన్‌స్టెరా పెంపకం

పెద్ద ఆకులలో చీలికలు ఉండే, ఇళ్ళలో అలంకారంగా పెంచుకొనే మాన్‌స్టెరా మన చేమ, కంద మొక్కల కుటుంబానికే చెందినది. దక్షిణ మెక్సికో నుంచి పనామా వరకు విస్తరించిన వర్షారణ్యాలలో పెద్ద చెట్ల మానులను పట్టుకొని పైకి పాకుతుంది. కొమ్మల సందుల్లోంచి దిగే వెలుతురు, గాలిలో తేమ, రాలిన ఆకులు కుళ్ళి గుల్లబారిన నేల దానికి పుట్టినింటి అలవాట్లు. బెంగళూరులోని సిద్దాపుర నర్సరీలలో కొని తెచ్చి మన ఫ్లాటు హాలులో పెట్టుకొన్నప్పుడు ఈ మూడింటినీ ఎంతవరకు సమకూర్చగలమన్నదే అసలు ప్రశ్న.

ఇళ్ళలో ఈ మొక్క చనిపోయేది ఎక్కువగా నీళ్ళు చాలక కాదు, నీళ్ళు ఎక్కువై. పొద్దున్నే ముగ్గు వేసి తులసికి చెంబెడు నీళ్ళు పోయడం మనకు తరతరాల అలవాటు, ఆ చెంబుతోనే హాలులోని కుండీకీ పోస్తాము. తులసి ఎండలో ఉంటుంది కనుక ఆ నీటిని తాగేస్తుంది. నీడలో ఉన్న మాన్‌స్టెరా తాగలేదు. నా మొదటి మొక్కకు ఒక జూలైలో ఇదే గతి పట్టింది. అడుగు ఆకులు ఒకటొకటిగా పసుపు రంగుకు తిరుగుతుంటే దాహమనుకొని ఇంకా పోశాను. చివరికి కుండీ బోర్లించి చూస్తే వేళ్ళు గోధుమరంగులో మెత్తబడి ఉన్నాయి. వేలితో లాగితే పైపొర తొడుగులా జారిపోయి, లోపల దారం లాంటి నార మాత్రం మిగిలింది. మురుగు వాసన వచ్చింది. కుళ్ళిన వేళ్ళన్నీ కత్తిరించి, కణుపూ దాని పక్కనే ఒక ఊడా ఉన్న కాండం ముక్కను గాజు సీసాలో నీళ్ళలో ఉంచి, నాలుగు రోజులకొకసారి నీళ్ళు మారుస్తూ వచ్చాను. నెల తిరిగేసరికి తెల్లని కొత్త వేళ్ళు వచ్చాయి. ఇప్పుడు నా ఇంట్లో ఉన్నది ఆ ముక్కే.

కాబట్టి వారానికి ఇన్నిసార్లు అని లెక్క పెట్టుకోవద్దు. చూపుడువేలు రెండు కణుపుల లోతు వరకు మట్టిలో గుచ్చండి. తడి తగిలితే ఆగండి, పొడిగా ఉంటే కుండీ అడుగు రంధ్రాల నుంచి కారేవరకు పోసి, పళ్ళెంలో నిలిచిన నీటిని పారబోయండి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు బెంగళూరు గాలి బాగా పొడిగా ఉంటుంది కనుక నాలుగైదు రోజులకే మట్టి ఆరవచ్చు, అదే కుండీ వానాకాలంలో పది రోజులైనా ఆరకపోవచ్చు.

పోసే నీరు ఎలాంటిదన్నది కూడా చూడాలి. చాలా అపార్ట్‌మెంట్లలో వచ్చేది బోరు నీరు, అందులో ఉప్పుల శాతం ఎక్కువ. మట్టిపైన తెల్లని పొర కట్టడం, ఆకుల అంచులు గోధుమరంగులో ఎండడం దాని గుర్తులు. ఆర్‌ఓ యంత్రం విడిచిపెట్టే నీటిని వృథా చేయకూడదనే మంచి ఉద్దేశంతో కొందరు మొక్కలకు పోస్తారు. ఆ నీటిలో ఉప్పులు మరింత చిక్కబడి ఉంటాయి కనుక దానిని నేల తుడవడానికి వాడుకోవడమే మేలు. పట్టి ఉంచిన వాన నీరు అన్నిటికంటే మంచిది.

వెలుతురు విషయానికి వస్తే, తూర్పు కిటికీ పక్కన ఉదయపు లేత ఎండ తగిలే చోటు శ్రేష్ఠం. పడమటి కిటికీ అయితే పలుచని తెర వేయాలి, లేకపోతే మార్చి ఎండకు ఆకులు మాడి మచ్చలు పడతాయి. ఆకులకు చీలికలు రావడం లేదని చాలామంది దిగులు పడతారు. లేత మొక్కకు నిండు ఆకులే వస్తాయి. మొక్క ముదిరి, వెలుతురు చాలినంత అందినప్పుడే చీలికలు వస్తాయి, అవి కూడా ఆకు మొగ్గలో ఉండగానే ఏర్పడతాయి. ఒకసారి విచ్చుకొన్న నిండు ఆకు ఆ తరువాత చీలదు.

నర్సరీ కుండీలలో తరచుగా ఉండే ఎర్రమట్టి గట్టిపడి నీటిని పట్టి ఉంచుతుంది. రెండు పాళ్ళు కొబ్బరి పొట్టు, ఒక పాలు వర్మీకంపోస్టు, ఒక పాలు పెర్లైట్ (తేలికైన తెల్లని గుల్ల రాతి గుళికలు) లేదా ముతక ఇసుక కలిపిన మిశ్రమంలోకి మార్చండి. కొత్త కుండీ పాతదాని కంటే రెండు అంగుళాలు మాత్రమే వెడల్పుగా ఉండాలి.

కాండం నుంచి వేలాడే వేళ్ళను చూసి కొందరు అసహ్యంగా ఉన్నాయని కత్తిరిస్తారు. అవి మర్రి ఊడల లాంటివే, వాటితోనే ఈ మొక్క చెట్టును పట్టుకొని ఎక్కుతుంది. కుండీలో కొబ్బరి పీచు చుట్టిన కర్రను పాతి, దానిని తడిపి ఉంచి, ఊడలను అటు మళ్ళిస్తే తరువాత వచ్చే ఆకులు పెద్దవవుతాయి.

పదిహేను రోజులకొకసారి తడి గుడ్డతో ఆకులను రెండు వైపులా తుడవండి. దుమ్ము పోవడమే కాక, ఆకు అడుగున పిండినల్లి (తెల్లని పిండిలా కనబడే పురుగు) చేరితే తొలిదశలోనే కనబడుతుంది. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల ద్రవ సబ్బు కలిపి సాయంత్రం పూట వారానికొకసారి చల్లితే అది అదుపులోకి వస్తుంది.

ఇంట్లో పాకే పిల్లలు, పిల్లి, కుక్క ఉంటే కుండీని అందనిచోట పెట్టాలి. కంద తరిగేటప్పుడు చేతులు దురద పెట్టడానికి కారణమైన కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలే ఈ ఆకులలోనూ ఉంటాయి, నమిలితే నోరు మండి వాస్తుంది. కొమ్మలు కత్తిరించాక చేతులు కడుక్కోవాలి.

డిసెంబరు, జనవరి నెలల్లో రాత్రి చలికి ఎదుగుదల మందగిస్తుంది, అప్పుడు ఎరువు వేయకండి. వేసవి మొదట్లో పాత ఆకు తొడిమ నుంచి గొట్టంలా చుట్టుకొన్న లేత ఆకు బయటికి వస్తుంది. అది విచ్చుకోవడానికి ఎన్ని రోజులు పట్టినా చేత్తో విప్పవద్దు, ఆ దశలో పడిన చిరుగు ఆ ఆకు ఉన్నంతకాలం అలాగే ఉండిపోతుంది.