నాలుగవ పాఠం: దక్షిణార్ధగోళంలో మధ్యాహ్న సూర్యుడు

గత పాఠం చివర ఇచ్చిన ప్రశ్నకు వచ్చిన జవాబులు చాలావరకు ఒకే చోట దారి తప్పాయి కాబట్టి, ఈసారి చెప్పదలచిన పవనాలను వచ్చే పాఠానికి వాయిదా వేస్తున్నాను. జనవరిలో సిడ్నీకి వేసవి ఎందుకు వస్తుందని అడిగితే, అప్పుడు భూమి సూర్యుడికి దగ్గరగా ఉంటుంది కనుక అని రాశారు. దగ్గరగా ఉండే మాట నిజమే: ఆ నెల మొదటి వారంలో దూరం సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు, జూలై మొదటి వారంలో 15.2 కోట్లు. దక్షిణార్ధగోళానికి ఈ లెక్క అతికినట్టు సరిపోతుంది, అందుకే ఈ పొరపాటు ఎవరికీ అనుమానం రాకుండా నిలిచిపోతుంది. దూరమే కారణమైతే వేసవి భూమి మొత్తానికీ ఒకేసారి రావాలి. అదే జనవరిలో సైబీరియా నదులు గడ్డకట్టి ఉంటాయి. పైగా, జనవరిలో భూమికి అందే ఎండ జూలైలో కంటే దాదాపు 7 శాతం ఎక్కువైనా, దక్షిణార్ధగోళంలో సుమారు 80 శాతం సముద్రమే కావడం వల్ల, ఆ అదనపు వేడిని నీరే చాలావరకు ఇముడ్చుకుంటుంది. దయచేసి ఋతువుల లెక్కలోకి దూరాన్ని ఇక తీసుకురాకండి.

అసలు కారణమైన, భూమి అక్షానికి ఉన్న 23.5 డిగ్రీల వాలు మీకు తెలిసినదే. దాని నుంచి మధ్యాహ్న సూర్యుడి ఎత్తును, అంటే దిగంతం నుంచి సూర్యుడి దాకా ఉన్న కోణాన్ని, రాబట్టడం నేటి పని. దక్షిణ అక్షాంశాలకు రుణ గుర్తు పెట్టే పద్ధతి పుస్తకాలలో ఉంటుంది గానీ, తప్పులన్నీ ఆ గుర్తు దగ్గరే దొర్లుతాయి కనుక నేను దానిని వాడను. సూర్యుడు నడినెత్తిన నిలిచే అక్షాంశమూ మన చోటూ భూమధ్యరేఖకు ఒకే వైపున ఉంటే ఆ రెండింటి తేడా తీసుకుంటాను, చెరొక వైపున ఉంటే కూడతాను. వచ్చినదానిని 90 నుంచి తీసివేస్తాను.

సిడ్నీ 34 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర ఉంది. డిసెంబర్ 22న సూర్యుడు మకరరేఖ (23.5 డిగ్రీల దక్షిణం) మీద ఉంటాడు కనుక తేడా 10.5, ఎత్తు 79.5 డిగ్రీలు. జూన్ 21న కర్కటరేఖ (23.5 డిగ్రీల ఉత్తరం) మీద ఉంటాడు కనుక మొత్తం 57.5, ఎత్తు 32.5 డిగ్రీలు. అక్కడ మీటరు కర్రను నిలువుగా పాతితే, కర్ర పొడవును ఆ ఎత్తు టాంజెంట్‌తో భాగించగా వచ్చే మధ్యాహ్నపు నీడ డిసెంబర్‌లో సుమారు 19 సెంటీమీటర్లు, జూన్‌లో 157 సెంటీమీటర్లు. రెండుసార్లూ సూర్యుడు ఉత్తరాన ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. ఉదయం నుంచి సాయంత్రం దాకా ఆ నీడ కొన పడమర నుంచి దక్షిణం మీదుగా తూర్పుకు, గడియారపు ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది.

అభ్యాసం: జూన్ 21న అర్జెంటీనాలోని ఉష్వాయా (55 డిగ్రీల దక్షిణం), డిసెంబర్ 22న ఆస్ట్రేలియాలోని డార్విన్ (12.5 డిగ్రీల దక్షిణం), ఈ రెండు చోట్లా మీటరు కర్ర మధ్యాహ్నపు నీడ పొడవునూ దిక్కునూ కనుక్కోండి. డార్విన్ నీడ సిడ్నీ నీడలా పడదు. ముందు బొమ్మ గీయండి, ఆ తరువాతే లెక్కకు దిగండి. బొమ్మ లేని జవాబులో తప్పు ఎక్కడ జరిగిందో నేను చూపించలేను.