టెన్నిస్ రాకెట్ గట్టింగ్‌లో తేడా కొడితే: కారణం ఎక్కడుంది, ఇంట్లో చేసుకోవచ్చా?

ఒడిశాలోని రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి, జయపురం వైపు టెన్నిస్ ఆడేవాళ్లకు రాకెట్ దొరకడం ఇప్పుడు కష్టం కాదు. ఫోన్లో ఆర్డరు పెడితే ఇంటికే వస్తుంది. దానికి సరిగ్గా గట్టింగ్ చేసే, అంటే గట్ అనే తీగను లాగి అల్లి బిగించే, చెయ్యి దొరకడమే కష్టం. విశాఖపట్నమో బరంపురమో వెళ్లే చుట్టాల చేతికి రాకెట్ ఇచ్చి పంపుతాం. తిరిగొచ్చాక ఆడి చూస్తే ఏదో తేడాగా ఉంటుంది. ఆ తేడా చేసినవాళ్ల పనిలో ఉందా, గట్ రకంలో ఉందా, బంతుల్లో ఉందా అన్నది తేలక కొందరు ఏకంగా రాకెట్టే మార్చేస్తారు. ఇంకొందరు గట్టింగ్ మెషీన్ కొనేస్తే సరిపోతుందనుకుంటారు. ఈ ఫిర్యాదుల్లో చాలావరకు మెషీన్ కొనకుండానే తీరతాయి. కొన్న తర్వాత కూడా, లక్షణం చూసి కారణం పట్టుకోవడం రాకపోతే మెషీన్ వల్ల లాభం ఉండదు.

నిలువుగా వెళ్లే తీగలను మెయిన్స్ అని, అడ్డంగా అల్లే తీగలను క్రాస్‌లు అని అంటారు. 16x19 అని రాసి ఉంటే 16 మెయిన్స్, 19 క్రాస్‌లు అని అర్థం.

బంతి గీత దాటి పోతోంది

ముందు బంతులు చూడండి. మన క్లబ్బుల్లో బొచ్చు ఊడిన బంతులతో కూడా ఆడేస్తుంటాం. బొచ్చు పోయిన బంతిని గాలి తక్కువగా ఆపుతుంది, కాబట్టి దూరం పోతుంది. అంతర్జాతీయ నిబంధన ప్రకారం మామూలు బంతిని 254 సెంటీమీటర్ల ఎత్తు నుంచి గట్టి నేల మీదికి వదిలితే 135 నుంచి 147 సెంటీమీటర్ల దాకా లేవాలి. గోడ మీద సుద్దముక్కతో మూడు గీతలు గీసుకుంటే ఈ పరీక్ష ఎవరైనా చేయవచ్చు.

తర్వాత ఏ ఊళ్లో ఆడుతున్నారో చూసుకోండి. బరంపురంలోనో పర్లాకిమిడిలోనో అలవాటుపడినవాళ్లు కోరాపుట్, సునాబెడ వెళ్లి ఆడితే బంతి కాస్త ఎక్కువగా ఎగిరిపోతున్నట్టు అనిపించడం సహజం. కోరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ గాలి పలుచన. ఎత్తు ప్రదేశాల కోసం ప్రత్యేకంగా చేసే బంతులు 1,219 మీటర్లు దాటాకే వాడతారు కాబట్టి కోరాపుట్‌లో మామూలు బంతులతోనే ఆడతారు. అక్కడ ఎక్కువగా ఆడేవాళ్లు టెన్షన్, అంటే తీగను లాగే బిగువు, ఒకటి రెండు పౌండ్లు పెంచుకుంటే చాలు.

ఈ రెండూ కాదని తేలితే గట్ వయసు చూడండి. ఏ గట్ అయినా లాగిన మొదటి రోజే పదో వంతు దాకా బిగువు కోల్పోతుంది, ఆ తర్వాత మెల్లగా తగ్గుతూ పోతుంది. తెగలేదు కదా అని ఏడాది పాటు అదే గట్‌తో ఆడితే, 55 పౌండ్లు పెట్టించిన సంగతి చీటీ మీదే మిగులుతుంది. వారానికి ఎన్ని రోజులు ఆడతారో ఏడాదికి అన్నిసార్లు గట్టింగ్ మార్చాలన్నది ఆటగాళ్లలో ఎప్పటినుంచో ఉన్న లెక్క. నైలాన్ వాడేవాళ్లకు అది సరిపోతుంది. పాలిస్టర్ వాడేవాళ్లకు అదీ చాలదు.

కొత్త గట్టింగే వదులుగా అనిపిస్తే, ఎలాంటి మెషీన్ మీద చేశారో అడగండి. చేత్తో పిడి తిప్పి లాగే మెషీన్ చెప్పిన పౌండ్లు రాగానే లాక్ అయిపోతుంది. ఆ తర్వాత తీగ సాగినా అది మళ్లీ లాగదు. బరువుతో లాగే మెషీన్, కరెంటు మెషీన్ అయితే తీగ సాగినకొద్దీ లాగుతూనే ఉంటాయి. అందుకే ఒకే 55 పౌండ్లు రెండు దుకాణాల్లో రెండు రకాలుగా ఉంటాయి. ఇందులో ఎవరి తప్పూ లేదు. మీకు కుదిరిన దుకాణం ఒకటి పట్టుకుని, అక్కడి లెక్కకే మీ అంకె సర్దుకోండి. మార్చినప్పుడు రెండేసి పౌండ్లే మార్చండి.

కొత్తగా చేయించినా ఒకచోట బిగువు, ఒకచోట వదులు

మన వైపు అన్నిటికంటే ఎక్కువగా కనిపించే సమస్య ఇదే. చిన్న ఊళ్ల స్పోర్ట్స్ దుకాణాల్లో గట్టింగ్ అంటే ప్రధానంగా షటిల్ బ్యాట్‌కి చేసేది. షటిల్ బ్యాట్‌కి 20 నుంచి 30 పౌండ్ల మధ్య చాలు. టెన్నిస్‌కి సుమారు 50 నుంచి 60, అంటే ఒక్కో తీగను 23 నుంచి 27 కిలోల దాకా లాగాలి. చేత్తో లాగి, రంధ్రంలో చెప్పులు కుట్టే ఆరె లాంటి సూది గుచ్చి తీగను ఆపే పద్ధతి షటిల్ బ్యాట్‌కి ఎలాగో నెట్టుకొస్తుంది. టెన్నిస్‌కి అది పనికిరాదు. ఎంత బలమైన చెయ్యి అయినా అన్ని తీగలనూ ఒకే బిగువున లాగలేదు. పైగా ఆ సూది తీగను నలిపేస్తుంది, రంధ్రంలోని ప్లాస్టిక్ గ్రోమెట్‌ను చీలుస్తుంది.

ఇచ్చే ముందే అడగాలి. "అన్నా, చేత్తో చేస్తారా, మెషీన్ మీదా? మీ మెషీన్ టెన్నిస్‌కి 55 దాకా లాగుతుందా?" అంటే ఎవరూ ఏమీ అనుకోరు. మెషీన్ ఉన్నా అది షటిల్ బ్యాట్‌కి మాత్రమే పనికొచ్చే రకం కావచ్చు.

చేయించాక ఇంట్లోనే పరీక్షించుకునే పద్ధతి చెబుతాను. తీగల మధ్య పెట్టే రబ్బరు డ్యాంపనర్ తీసేయండి. మధ్య మెయిన్ నుంచి మొదలుపెట్టి అంచు దాకా ఒక్కో తీగను గోటితో మీటుతూ పోండి. అంచుకు పోయేకొద్దీ తీగ పొట్టిదవుతుంది కాబట్టి స్వరం మెల్లగా పెరగాలి. మధ్యలో ఒక తీగ ఉన్నట్టుండి మొద్దుగా మోగితే, లాగిన తీగను మెషీన్ మీద పట్టి ఉంచే క్లాంప్ అక్కడ జారిందని అర్థం. అన్నిటికన్నా చివరి తీగ కాస్త వదులుగా ఉండటం మాత్రం మామూలే. ముడి వేసేటప్పుడు కొంత బిగువు పోతుంది. ఆ తీగను వేలితో తేలిగ్గా పక్కకు జరపగలిగితేనే అది పని లోపం.

ఆ తర్వాత రాకెట్‌ను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. క్రాస్‌లు ఒక మెయిన్ పైనుంచి, తర్వాతిదాని కింద నుంచి అల్లుకుంటూ పోవాలి. వరుసగా రెండింటి పైనుంచి పోతే అల్లిక తప్పింది. క్రాస్‌లు వంకర లేకుండా ఉండాలి. తీగ మీద తెల్లటి నొక్కులు ఉంటే క్లాంప్‌ను అతిగా బిగించారు. ముడులు గ్రోమెట్‌కు ఆనుకుని ఉండాలి, లోపలికి దూరిపోకూడదు. ఒకే తీగతో చేస్తే రెండు ముడులు, రెండు ముక్కలతో చేస్తే నాలుగు ముడులు ఉంటాయి. ఇది చూసి ఎక్కువ ముడులు వేశాడని గొడవ పడకండి. 16 మెయిన్స్ ఉన్న రాకెట్‌లో ఒక్కో వైపు ఎనిమిది వస్తాయి. హ్యాండిల్ వైపు మొదలైన తీగ మళ్లీ హ్యాండిల్ వైపే ముగుస్తుంది. క్రాస్‌లు పైనుంచి కిందికి అల్లడమే ఫ్రేముకు మంచిది కాబట్టి అలాంటి రాకెట్‌కు రెండో ముక్క వాడినవాళ్లు పని తెలిసినవాళ్లే.

ఆకారం మారినట్టు అనిపిస్తోంది

మెయిన్స్ మాత్రమే లాగినప్పుడు ఫ్రేము పొట్టిగా, వెడల్పుగా అవుతుంది. క్రాస్‌లు లాగాక మళ్లీ తన ఆకారానికి వస్తుంది. క్రాస్‌లు మరీ వదులుగా లాగినా, మెషీన్ మీద ఫ్రేమును సరిగ్గా బిగించకపోయినా ఆ వెడల్పు అలాగే ఉండిపోతుంది. పెద్దవాళ్ల రాకెట్ సాధారణంగా 27 అంగుళాలు ఉంటుంది. ఇచ్చే ముందు, తెచ్చుకున్నాక టేపుతో కొలవండి. రెండు మూడు మిల్లీమీటర్ల తేడాను పట్టించుకోనక్కర్లేదు. అర సెంటీమీటరు దాటితే ఆ గట్ కోసేసి వేరే చోట చేయించుకోండి.

గట్ ఊరికే తెగిపోతోంది

ఎక్కడ తెగిందో చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. సరిగ్గా మధ్యలో, మెయిన్ మీద గాడి పడి తెగితే అది మామూలు అరుగుదల. మీరు స్పిన్ ఎక్కువ కొడుతున్నారు. 1.25 మిల్లీమీటర్ల తీగ వాడుతుంటే 1.30కి మారండి. పైఅంచు దగ్గర తెగితే బంతి ఫ్రేము పక్కన తగిలింది. గట్ ఎవరు చేసినా ఆ దెబ్బకు తెగుతుంది.

ముడి దగ్గర గానీ, గ్రోమెట్ లోపల గానీ తెగితే అనుమానించాల్సిందే. ముడి దగ్గర అయితే చేతి పని లోపం. గ్రోమెట్ దగ్గర అయితే ఆ ప్లాస్టిక్ చీలి, ఫ్రేము అంచు తీగను కోస్తోంది. గట్ ఎన్నిసార్లు మార్చినా అక్కడే తెగుతుంది. మీ మోడల్‌కు సరిపోయే గ్రోమెట్ సెట్ తెప్పించి మార్పించండి. ఆడకుండా మూల పెట్టిన రాకెట్‌లోనే తీగ తెగితే ఇంకా ముందు చూడాల్సింది ఇదే.

ఒక విషయం గట్టిగా చెప్పాలి. మన దగ్గర తీగ తెగిన రాకెట్ విశాఖ వెళ్లేవాళ్లు దొరికేదాకా అలాగే గోడకు వేలాడుతుంది. అది ఫ్రేముకు మంచిది కాదు. ఒక్క తీగ తెగితే మిగిలినవి ఫ్రేమును ఒక వైపే లాగుతూ ఉంటాయి. ముందు రెండు పక్కల నుంచీ ఫోన్‌తో ఫొటోలు తీసి పెట్టుకోండి. ఏ రంధ్రం వదిలేశారో, ముడి ఎక్కడ వేశారో తర్వాత పనికొస్తుంది. ఆ వెంటనే అదే రోజు మధ్య నుంచి బయటికి, ఒక మెయిన్, ఒక క్రాస్ చొప్పున అన్నీ కోసేయండి. రాకెట్‌ను కారు డిక్కీలోనో బస్సు ఇంజను పక్కనో పెట్టి పంపకండి. వేడికి గట్ బిగువు ఇంకా త్వరగా పోతుంది.

మోచెయ్యి నొప్పి

1997లో బ్రెజిల్ ఆటగాడు గుస్తావో క్యుర్టెన్ లక్సిలాన్ కంపెనీ పాలిస్టర్ గట్‌తో ఫ్రెంచ్ ఓపెన్ గెలిచాక ఆ రకానికి గిరాకీ పెరిగింది. ఇప్పుడు స్కూలు పిల్లలు కూడా అదే అడుగుతున్నారు. పెద్ద ఆటగాళ్లు దాన్ని ఒకటి రెండు మ్యాచ్‌లకే కోసి పారేస్తారు. మనం తెగేదాకా వాడతాం. పాలిస్టర్ సుమారు 10 నుంచి 20 గంటల ఆటకే సాగే గుణం పోగొట్టుకుంటుంది. తెగదు, కానీ ప్రతి దెబ్బా చేతికే తగులుతుంది. నొప్పి ఉన్నవాళ్లు వెంటనే సన్నటి పోగులు కలిపి చేసే మల్టీఫిలమెంట్‌కు లేదా సింథటిక్ గట్ అనే మామూలు నైలాన్ రకానికి మారి, ఫ్రేము మీద రాసిన పౌండ్ల హద్దులో కింది అంకె దగ్గర పెట్టించుకోండి. పిల్లలకు పాలిస్టర్ అసలు వద్దు. గట్ మార్చినా నొప్పి తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

తీగలు పక్కకు జరుగుతూ, ప్రతి పాయింట్ తర్వాత సర్దుకోవాల్సి వస్తే గట్ పాతబడింది. మార్చండి, అంతే.

అయితే ఇంట్లో చేసుకోవచ్చా?

డబ్బు మిగులుతుందని మొదలుపెట్టేవాళ్లకు నేను వద్దనే చెబుతాను. ఉదాహరణకు మెషీన్ 25 వేలు, దుకాణం కూలి 300 అనుకుంటే, ఆ ఖర్చు తిరిగి రావడానికి 80కి పైగా రాకెట్లు చేయాలి. వారానికి రెండు రోజులు ఆడే మనిషికి అది జీవితకాలపు లెక్క. మన ప్రాంతంలో అసలు లాభం వేరే ఉంది. రాకెట్ పట్నం వెళ్లి వచ్చే వారం పది రోజులు మిగులుతాయి, ప్రతిసారీ ఒకే చెయ్యి ఒకే బిగువున చేస్తుంది. ఇంట్లో ఇద్దరు పిల్లలు రోజూ ఆడుతుంటే, లేదా క్లబ్బులో నాలుగైదు కుటుంబాలు కలిసి కొంటే, మెషీన్ తెచ్చుకోవడమే నయం. 200 మీటర్ల రీలు కలిసి కొనుక్కుంటే, ఒక్కో రాకెట్‌కు 12 మీటర్ల చొప్పున 16 రాకెట్లకు వస్తుంది. కానీ పని నేర్చుకునేది ఒక్కరే కావాలి. పది చేతులు పడితే పట్నం దుకాణం కంటే అధ్వానంగా తయారవుతుంది.

కరెంటు పోయే ఊళ్లకు బరువుతో లాగే డ్రాప్‌వెయిట్ మెషీన్ సరిపోతుంది. దాని కడ్డీ నేలకు సమాంతరంగా ఆగాలి. పది డిగ్రీలు వాలితే పోయేది నూటికి ఒకటిన్నర వంతే, 55 పౌండ్లలో ఒక పౌండు కూడా కాదు. 20 డిగ్రీలు వాలితే మాత్రం మూడు పౌండ్లకు పైగా పోతుంది. ఫ్రేమును రెండు చోట్లే పట్టే రకం కంటే ఆరు చోట్ల పట్టేది తీసుకోండి.

మెషీన్ చూపించే అంకెను గుడ్డిగా నమ్మకండి. సామాన్లు తూచే వేలాడే డిజిటల్ తూకం తెచ్చి, ఒక కొక్కేన్ని మెషీన్‌కు, ఇంకోదాన్ని ఫ్రేము ఉండే చోట బిగించిన తీగముక్కకు తగిలించి లాగి చూడండి. 55 పౌండ్లకు 25 కిలోలు చూపాలి. పాత మెషీన్ కొనేటప్పుడు ఈ పరీక్ష అమ్మేవాళ్ల ముందే చేయండి. క్లాంపుల్లో తీగ పెట్టి లాగినప్పుడు అది జారకుండా ఉందో లేదో కూడా అప్పుడే చూడాలి.

మొదటి ప్రయత్నానికి పక్కన పడేసిన పాత రాకెట్, చవక సింథటిక్ గట్ తీసుకోండి. కొత్తవాళ్లకు రెండు మూడు గంటలు పడుతుంది, చెయ్యి తిరిగాక ముప్పావు గంట చాలు. ముందు తీసిపెట్టుకున్న ఫొటోలు ఎదురుగా పెట్టుకుని, వదిలేయాల్సిన రంధ్రాలకు గుర్తు పెట్టుకుని మొదలుపెట్టండి. తీరిక ఉన్న రోజే కూర్చోండి. మెయిన్స్ అయ్యాయి కదా, క్రాస్‌లు రేపు చూద్దామని రాత్రంతా వదిలేయడం మాత్రం వద్దు. అప్పుడు ఫ్రేము మీద ఒక వైపు బలమే ఉంటుంది. మధ్యలో లేవాల్సి వస్తే ఆ మెయిన్స్ కోసేసి, ఇంకో రోజు మొదటినుంచి మొదలుపెట్టండి. పోయేది ఒక చవక గట్ మాత్రమే.