నలభై దాటినవాళ్ల ఇంట్లో నవ్వులు ఏరుకోవడం ఎలా?

మొదటి జోకు మీ మీదే వేసుకోండి. నలభై దాటాక కంటిలోని కటకం బిగుసుకుని దగ్గరి అక్షరాలు మసకబారతాయి. పప్పు ప్యాకెట్ మీద తేదీ కనబడకపోతే విసుక్కోకుండా, "మన పెళ్లిరోజులాగే ఇదీ నాకు కనబడి చావదు" అనేయండి. మీరు మొదలుపెడితేనే మిగతావాళ్లకి ధైర్యం వస్తుంది.

బెంగళూరులో నవ్వుల సరుకుకి కొదవ లేదు. సిల్క్ బోర్డ్ కూడలి ట్రాఫిక్‌లో ఇరుక్కున్న మనిషి ఫోన్లో "ఐదు నిమిషాల్లో ఇంట్లో ఉంటా" అంటారు. ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించి రెండు గళ్లు గీయండి: చెప్పిన సమయం, గుమ్మం తొక్కిన సమయం. రాసే పని పిల్లలకివ్వండి, వాళ్లు లంచం తీసుకోరు (ఐస్‌క్రీమ్ చూపిస్తే చెప్పలేం). వారంలో ఎక్కువ తేడా వచ్చినవాళ్లు ఆదివారం అందరికీ ఫిల్టర్ కాఫీ పెట్టాలి. పెనం మాత్రం కాలింగ్ బెల్ మోగాకే పొయ్యి మీద పెట్టండి.

ఇంట్లో విన్న నవ్వొచ్చే మాటల్ని ఆ రాత్రే, అన్నది అన్నట్టే రాసుకోవాలి. తెల్లారితే మనం వాటికి మెరుగులు దిద్దుతాం, పస పోతుంది.

జోకు బెడిసికొట్టేది ఎక్కువగా వేళ తప్పడం వల్లే. ఆకలి మీదున్న మనిషితో, నీళ్ల ట్యాంకర్ రాని పొద్దున పరాచికాలు వద్దు. ఒళ్లు, జీతం, మార్కులు, అత్తింటివాళ్లు: వీటి జోలికి అసలు పోవద్దు. టీనేజి పిల్లల్ని వాళ్ల స్నేహితుల ముందు ఆటపట్టిస్తే వారం రోజులు గది తలుపు తెరుచుకోదు. ఫ్యామిలీ గ్రూపులో పెట్టేముందు ఆ మాట అన్నవాళ్లని అడగండి. మామగారి పాత జోకుకి మాత్రం ఎన్నోసారైనా నవ్వేయండి, కాఫీ చల్లారకముందే అయిపోతుంది.