హెచ్‌4 వీసాతో కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీలో ఇన్‌స్టేట్ ఫీజు: నా అనుభవం

నాది హెచ్‌4, అంటే హెచ్‌1బీ లాంటి ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ల కుటుంబానికి ఇచ్చే వీసా. కమ్యూనిటీ కాలేజీలో అడ్మిషన్ సులువుగానే వచ్చింది, 18 ఏళ్లు నిండితే అక్కడ దాదాపు ఎవరినైనా చేర్చుకుంటారు. ఫీజు బిల్లు చూశాకే టెన్షన్ పట్టుకుంది. ఇన్‌స్టేట్ వాళ్లకి, అంటే ఆ రాష్ట్ర నివాసులకి, యూనిట్‌కి (కోర్సు క్రెడిట్‌కి) 46 డాలర్లు, నాకు మాత్రం నాన్ రెసిడెంట్ అని 300 పైనే వేశారు. కౌంటర్‌లో అడిగితే వీసా మీద ఉన్నవాళ్లకి అంతే అన్నారు, ఇంటికొచ్చి ఏడ్చేశాను.

తర్వాత రూల్స్ చదివితే తెలిసింది, ఎఫ్‌1 (స్టూడెంట్ వీసా) వాళ్లకి ఆ వీసా మీద ఉన్నంతకాలం ఇన్‌స్టేట్ ఫీజు కుదరదు కానీ హెచ్‌4 వాళ్లకి కుదురుతుంది, సెమిస్టర్ మొదలయ్యే ముందు రోజుకి రాష్ట్రంలో ఏడాదికి పైగా ఉండి, ఇక్కడే స్థిరపడే ఉద్దేశం ఉందని కాగితాలతో చూపించాలి. నేను వచ్చి అప్పటికి 14 నెలలు. ఐ94 (అమెరికాలోకి వచ్చిన రికార్డు), డ్రైవింగ్ లైసెన్స్, మా దంపతులిద్దరి పేర్లూ ఉన్న అద్దె ఒప్పందం, కలిపి వేసిన స్టేట్ ట్యాక్స్ రిటర్న్ జతచేసి మళ్లీ పరిశీలించమని రాతపూర్వకంగా అడిగాను. పది రోజుల్లో మార్చారు.

ముఖ్యంగా తేదీలు చూసుకోండి, లైసెన్స్ లాంటివి వచ్చిన మొదటి నెలల్లోనే తీసుకోండమ్మా, నిన్న మొన్న తీసుకున్న కాగితాలు ఏడాది లెక్కకి పనికిరావు.